ఆ షీటులో అడ్రసెందుకు?

ఈ శీర్షికలో మామూలుగా నేను డేటాబేసుల గురించో, క్లౌడు బిల్లుల గురించో రాస్తుంటాను. ఈసారీ డేటాబేసు గురించే. కాకపోతే అందులో ఉన్నవి సేల్సు ఆర్డర్లు కావు, ఒక ఇంటి సంగతులు. ముందే ఒక మాట చెప్పాలి. ఆ ఇంటివాళ్ళను ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను. నేను చేసిన పొరపాటును మాత్రం మార్చలేదు.

నేనుండేది మస్కట్‌లో, అల్ ఖువైర్ పక్కన. ఇక్కడి కంపెనీలకు ఈఆర్‌పీ పెట్టించే పని నాది. మూడేళ్ళ కిందట ఒకరోజు సాయంత్రం స్కూలు బస్సు దిగొచ్చిన మా అబ్బాయి వాళ్ళమ్మతో ఏదో చెప్పాడు. రాత్రి అన్నాలయ్యాక మా ఆవిడ నాతో అంది: "ఏమండీ, పక్క బిల్డింగులో ఆ పాప ఉంది చూడండి, వాళ్ళమ్మకి మళ్ళీ దెబ్బ తగిలిందట. ఎవరికీ చెప్పొద్దందట." ఆ "మళ్ళీ" అన్న మాట దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. ఆయన నాకు ముఖపరిచయమే. మనలాంటివాడే, సాఫ్ట్‌వేరే. దసరా పూజకు దర్సైత్ కృష్ణమందిరంలో కనిపిస్తే చేతులు జోడించి నమస్కారం పెట్టే మనిషి.

మా ఆవిడ ఆమెతో రెండుమూడుసార్లు మెల్లగా మాట్లాడింది. పాపను తీసుకుని ఊరికి వెళ్ళిపోతానందామె. పాస్‌పోర్టులు ఆయన దగ్గరున్నాయి, చేతిలో డబ్బు లేదు. సరే, ఏదో ఒకటి చెయ్యాలి కదా అని నలుగురైదుగురు మిత్రులం కూడాం. అందరం కంప్యూటరు వాళ్ళమే. మనవాళ్ళు కూడితే ఏం చేస్తారో మీకు తెలియనిది కాదు. పది నిమిషాల్లో ఒక వాట్సాప్ గ్రూపు, పావుగంటలో ఒక గూగుల్ షీటు తయారైపోయాయి. షీటులో ఆమె పేరు, ఫ్లాటు నంబరు, భర్త కంపెనీ, పాప స్కూలు, టిక్కెట్టుకు ఎవరెంత ఇస్తారు, ఏ రోజు కదలాలి అన్నీ వరసలు. రంగులు కూడా వేశాను, పని అయినవాటికి పచ్చ, కానివాటికి ఎరుపు. చూడముచ్చటగా ఉందనుకున్నానంటే నమ్మండి.

రెండోరోజుకల్లా ఆ షీటు ఆయనకు చేరింది.

ఎవరూ హ్యాకు చెయ్యలేదు. మాలో ఒకతను, పాపం మంచి ఉద్దేశంతోనే, టిక్కెట్టుకు ఇంకో పదిహేను రియాళ్ళు తక్కువయ్యాయని తన స్నేహితుడికి లింకు పంపాడు. లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడొచ్చని సెట్టింగు పెట్టింది నేనే, అందరికీ తలా ఒక అనుమతి ఇవ్వడం బద్ధకమై. ఆ స్నేహితుడికి భర్తతో పాత పరిచయం. "మీ ఇంట్లో ఏదో గొడవటగా" అని ఫోను చేసి పరామర్శించాడట. ఆ రాత్రి ఆమె ఫోను పోయింది. పాప రెండు రోజులు బడికి రాలేదు. మూడోరోజు బస్సులో కనిపించినప్పుడు మా వాడితో మాట్లాడలేదట. ఈ వాక్యం రాయడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

చివరికి ఆమెను ఒడ్డు చేర్చింది మా గ్రూపు కాదు. ఇక్కడ ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన ఒక టీచరుగారు. మస్కట్ తెలుగువాళ్ళలో చాలామందికి ఆవిడ తెలుసు, పేరు రాయవద్దన్నారు. ఆవిడ పాపకు ట్యూషను చెబుతానని ఆ ఇంటికి వెళ్ళారు. వారంపాటు నిజంగానే ఎక్కాలు చెప్పారు. పదోరోజున ఆమె, పాప ఆవిడ వెంట ట్యాక్సీలో రాయబార కార్యాలయానికి వెళ్ళారు. వాళ్ళు ఆయనకు ఫోను చేశాక పాస్‌పోర్టులు వచ్చాయి. నాకు తెలిసింది ఇంతే, ఇంతకంటే తెలియనవసరం లేదని కూడా ఆవిడే చెప్పారు. అంతా అయ్యాక నన్ను పిలిచి, నేను ప్రింటు తీసిన షీటు చేతిలో పెట్టుకుని అడిగారు: "బాబూ, అన్నీ బాగున్నాయి. ఇందులో అడ్రసెందుకు? డబ్బులిచ్చేవాడికి అడ్రసుతో పనేంటి?"

ఎమ్మెస్‌లో సెక్యూరిటీ కోర్సు చదివాను. ఆ ప్రశ్న ఆ కోర్సులో మొదటి పాఠం.

భర్త చేతిలోని వీసా

అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్న మిత్రులకు ఇక్కడి పరిస్థితి కొంచెం చెప్పాలి. అమెరికాలో దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం న్యూజెర్సీలో మానవి 1985లోనే మొదలైంది. న్యూయార్కులో సఖి, బే ఏరియాలో మైత్రి, నారిక, అట్లాంటాలో రక్ష, ఇలా ఒకదాని తరవాత ఒకటి వచ్చాయి. ఫోను చేస్తే మన భాష తెలిసిన మనిషి పలికే అవకాశం ఉంది. ఒమాన్‌లో నలుగురం కూడి ఇలాంటి సంస్థ పెట్టేసుకుంటామంటే కుదరదు. సంఘాలకు ప్రభుత్వ అనుమతి ఉండాలి, దానికి 2000లో వచ్చిన 14వ నంబరు రాజశాసనం ఉంది. భారతీయులకు ఇండియన్ సోషల్ క్లబ్బు ఉంది, అందులో భాషలవారీగా విభాగాలున్నాయి, తెలుగుకూ ఉంది. ఉగాదికి, సంక్రాంతికి అందరం కలిసేది అక్కడే. అన్నట్టు మేం షీటులో చందాలు రాసుకోవడం కూడా తప్పేనని తరవాత తెలిసింది. అనుమతి లేకుండా జనం దగ్గర విరాళాలు పోగుచేయడం ఇక్కడ శిక్షార్హమైన నేరం. ఇప్పుడు ఎవరైనా సాయం చెయ్యాలనుకుంటే టిక్కెట్టు తామే కొని ఇస్తారు, అంతే. డబ్బు ఒకచోట పోగవదు.

ఇక వీసా. భార్యాపిల్లల నివాసం భర్త స్పాన్సర్‌షిప్పు మీద ఉంటుంది. కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఒకప్పుడు నెలకు 600 రియాళ్ళ జీతం ఉండాలనేవారు. 2017లో దాన్ని 300 చేశారు, ఆ తరవాత 150 చేశారు. మంచిదే, చిన్న జీతాలవాళ్ళు కూడా పెళ్ళాంపిల్లలతో ఉండగలుగుతున్నారు. కానీ ఆ స్పాన్సర్‌షిప్పు దారం మాత్రం ఆయన చేతిలోనే ఉంది. ఆర్నెల్లకు మించి దేశం బయట ఉంటే ఆ నివాసానుమతి పోతుంది. "పండక్కి వెళ్ళిరా" అని రాజమండ్రి విమానం ఎక్కించి, తరవాత ఫోను ఎత్తకుండా ఆర్నెల్లు గడిపేసిన మనుషులున్నారు. దెబ్బ కూడా కొట్టనక్కర్లేదు, క్యాలెండరు చాలు.

పోలీసులకు చెప్పొచ్చుగా అంటారు. చెప్పొచ్చు. రాయల్ ఒమాన్ పోలీసు నంబరు 9999, ప్రాణం మీదికొస్తే ఇంకేమీ ఆలోచించకుండా చెయ్యవలసిన నంబరు అదే. కొట్టడం ఇక్కడి శిక్షాస్మృతి ప్రకారం నేరమే, అయితే మన దేశంలోలాగా గృహహింసకంటూ విడిగా చట్టం లేదు. పిల్లల సంగతికి మాత్రం 2014లో 22వ నంబరు రాజశాసనంగా బాలల చట్టం వచ్చింది. సాంఘికాభివృద్ధి మంత్రిత్వశాఖవారి 1100 నంబరుకు ఎవరైనా, పొరుగువాళ్ళైనా, టీచరైనా చెప్పవచ్చు. మంత్రిత్వశాఖ నడిపే దార్ అల్ విఫాక్ అనే ఆశ్రయం కూడా మస్కట్‌లో ఉంది. అయితే నేరుగా వెళ్ళి తలుపు తట్టే చోటు కాదు, అధికారుల ద్వారా వెళ్ళాలి.

ఆడవాళ్ళు వెనకాడేది వేరే లెక్కకి. ఆయన మీద కేసైతే ఉద్యోగం పోవచ్చు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, దాంతో తన వీసా, పాప వీసా, పాప బడి అన్నీ పోతాయి. సంవత్సరం మధ్యలో టీసీ తీసుకుని ఊళ్ళో ఏ బడిలో చేర్చాలి? తెలుగు రెండో భాషగా చదవని పిల్ల అక్కడ ఎలా నెగ్గుకొస్తుంది? బయటివాళ్ళకు ఇవి చిన్న ప్రశ్నల్లా కనిపిస్తాయి. ఆమె మా ఆవిడను మొదట అడిగింది దెబ్బల గురించి కాదు, టీసీ గురించే.

భారత రాయబార కార్యాలయం దగ్గర 2009లో మొదలైన భారతీయ సామాజిక సంక్షేమ నిధి ఉంది. ఆపదలో ఉన్న భారతీయులకు తాత్కాలిక వసతి, తిరుగు టిక్కెట్టు, లాయరు సాయం వంటివి దాంట్లోంచి ఇవ్వచ్చు. పాస్‌పోర్టు దొరక్కపోతే ఒక్కసారి ప్రయాణానికి పనికొచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్టు ఇస్తారు. ఇన్నేళ్ళుగా మస్కట్‌లో ఉంటూ ఈ రెండు సంగతులూ నాకు తెలియవు. టీచరుగారికి తెలుసు.

ఈ సందర్భంలో మరచిపోకూడనివాళ్ళు ఇంకొందరున్నారు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్ళలో పనికి వచ్చే మన ఆడవాళ్ళు. గల్ఫులో ఖద్దామాలంటారు. వాళ్ళుండేదీ ఇంట్లోనే, దెబ్బలు తినేదీ ఇంట్లోనే. కాకపోతే ఆ ఇల్లు అర్బాబుది. ఫోనూ పాస్‌పోర్టూ లాగేసుకోవడం గురించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2016లో ఒక పెద్ద నివేదికే ఇచ్చింది. వాళ్ళ కథ వేరే వ్యాసం, రాస్తాను. ఇప్పుడు మాత్రం ఒకటే గమనించండి, ఆ నివేదికలో ఉన్న రెండు వస్తువులే, ఫోనూ పాస్‌పోర్టూ, మా పక్క బిల్డింగులో ఇంజనీరు భార్య దగ్గర కూడా పోయాయి.

హ్యాకరు అక్కర్లేని హ్యాకింగు

ఆమె ఊరికి చేరాక, మా ఆవిడ ద్వారా అడిగించి, నా వృత్తిధర్మంగా ఒక సంగతి తెలుసుకున్నాను. షీటు గొడవకు ముందు కూడా ఆమె చెల్లెలికి ఏం మెసేజి పెట్టినా సాయంత్రానికి ఆయనకు తెలిసిపోయేదట. ఫోనులో ఏదో స్పైవేరు ఉంటుందనుకున్నాను. లేదు. ఆమె వాట్సాప్ ఆయన లాప్‌టాపులో లింకై ఉంది. ఎప్పుడో ఫోటోలు దించుకోవడానికి ఒకసారి కలిపాడు, విడదీయలేదు. ఫోను కొన్నప్పుడు గూగుల్ అకౌంటు తెరిచింది ఆయనే, పాస్‌వర్డు ఆయనకే తెలుసు. మ్యాప్సులో లొకేషను షేరింగు "భద్రత కోసం" ఎప్పుడూ ఆన్. సిమ్ము ఆయన బతాకా మీద ఉంది, అంటే రెసిడెంటు కార్డు మీద. బ్యాంకు ఓటీపీ ఆయన ఫోనుకు వస్తుంది. పాప ట్యాబ్లెట్టులో కుటుంబం మొత్తం ఫోటోలు సింకవుతాయి.

2018లో కార్నెల్ టెక్ పరిశోధకులు న్యూయార్కులో బాధితులతో మాట్లాడి రాసిన ఒక పేపరు ఉంది. వాళ్ళు చెప్పింది అచ్చం ఇదే. ఇలాంటి కేసుల్లో దాడిచేసేవాడికి గొప్ప నైపుణ్యం ఉండనక్కర్లేదు, అందరికీ కనిపించే మెనూలే వాడతాడు, సరైన పాస్‌వర్డుతోనే లోపలికి వస్తాడు. మనం ఆఫీసులో థ్రెట్ మోడల్ అని గీసేటప్పుడు శత్రువును ఎక్కడో వేరే దేశంలో కూర్చోబెడతాం. "మీ మొదటి బడి పేరు ఏమిటి" అన్న ప్రశ్నకు ఇంట్లోవాడికి జవాబు తెలుసని, నిద్రపోతున్న మనిషి వేలితో ఫోను తెరవచ్చని మన బొమ్మలో ఎక్కడా ఉండదు. పెళ్ళి అనే వ్యవస్థ మన సెక్యూరిటీ పుస్తకాలకు సిలబస్సులో లేదు.

ఇది చదివి వెంటనే ఎవరికో ఫోను చేసి "అన్నీ లాగౌట్ చేసెయ్" అని చెప్పకండి. అదే నేను చెయ్యబోయిన రెండో పొరపాటు. లాప్‌టాపులో వాట్సాప్ ఆగిపోయిన క్షణమే ఆయనకు తెలుస్తుంది. లొకేషను ఆపితే, ఎందుకాపావని ఆ రాత్రే అడుగుతాడు. ఆ జవాబు చెప్పవలసింది ఆమె, మనం కాదు. మంచి పద్ధతి ఏమిటంటే, పాత ఫోను ఉన్నట్టే ఉండాలి. అందులో కూరగాయలు, పాప హోంవర్కు, అత్తగారి ఆరోగ్యం నడుస్తూనే ఉండాలి. అసలు మాటలు వేరే మనిషి ఫోనులో, అక్కడే తెరిచిన కొత్త ఈమెయిల్లో జరగాలి. టీచరుగారు ట్యూషను పేరుతో తన ఫోనును అరగంట బల్లమీద పెట్టి వంటింట్లోకి వెళ్ళేవారట. ఇంతకంటే మంచి ఎయిర్ గ్యాప్ నేను ఏ డేటా సెంటరులోనూ చూడలేదు.

ఆమె క్షేమమైన చోటికి చేరాక, అప్పుడు మిగతా పనులు. ఐఫోనైతే 2022లో ఐఓఎస్ 16తో వచ్చిన సేఫ్టీ చెక్ అనేది ఎవరికి ఏం షేరవుతోందో ఒకేచోట చూపించి తెంపేస్తుంది. ఆండ్రాయిడులో గూగుల్ అకౌంటులో కలిపి ఉన్న పరికరాలు, వాట్సాప్‌లో లింకైన పరికరాలు, మ్యాప్సు షేరింగు, ఈ మూడూ విడివిడిగా చూడాలి. పిల్లల ట్యాబ్లెట్టును మరచిపోవద్దు. పిల్ల ఆడుకునే ఆటలో కూడా చాటింగు ఉంటుంది. కొత్త ఇల్లు ఎక్కడో అక్కడినుంచే తెలిసిపోవచ్చు.

సాక్ష్యం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనవాళ్ళు బోర్లా పడతారు. గాయాల ఫోటోలు మామూలుగా వాట్సాప్‌లో పంపితే అది కుదించేస్తుంది, ఎప్పుడు తీశారన్న సమాచారమూ పోతుంది. డాక్యుమెంటుగా పంపితే అలాగే వెళుతుంది. అసలు ఫైలును తెరిచి దిద్దకూడదు, పేరు కూడా మార్చకుండా ఉంచడం మేలు. 2024 జులై 1 నుంచి మన దేశంలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే సర్టిఫికెట్టులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఎస్‌హెచ్ఏ 256 అంటే ఏమిటో లాయర్లకు మనం చెప్పే రోజులొచ్చాయి! తీసినరోజే హ్యాష్ లెక్కగట్టి, తేదీతో ఒక ఈమెయిలు పెట్టుకుంటే తరవాత ఆ ఫైలు మారలేదని చెప్పడం తేలిక.

ఆడియో రికార్డింగు దగ్గర మాత్రం జాగ్రత్త. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని మన సుప్రీంకోర్టు 2025 జులైలో విభోర్ గర్గ్ కేసులో చెప్పింది. ఆ తీర్పు చూసి ఇక్కడ మస్కట్‌లో ఫోను దాచిపెట్టి రికార్డు చెయ్యమని సలహా ఇవ్వకండి. 2011లో వచ్చిన ఒమాన్ సైబరు నేరాల చట్టం, 12వ నంబరు రాజశాసనం, 16వ అధికరణంలో వ్యక్తిగత, కుటుంబ జీవితంలోకి ఫోన్లతో కెమెరాలతో చొరబడటాన్ని నేరం చేసింది. అక్కడ సాక్ష్యమయ్యేది ఇక్కడ ఆమె మీదే కేసు కావచ్చు. ముందు లాయరును అడగాలి. రికార్డింగు లేకపోయినా చేత్తో రాసుకున్న డైరీ, తేదీ వేసిన ఆసుపత్రి కాగితం ఎంతో పనికొస్తాయి.

ఊరికి చేరాక దారులున్నాయి. 2005 గృహహింస చట్టం కింద ఆమె ప్రస్తుతం ఉంటున్న చోటే, తాత్కాలికంగా ఉంటున్నా సరే, కేసు వేసుకోవచ్చు. పెట్టిన క్రూరత్వం మస్కట్‌లోదైనా, పుట్టింట్లో తలదాచుకున్న ఊళ్ళో ఫిర్యాదు చెయ్యవచ్చన్న ధోరణికి 2019 నాటి రూపాలీ దేవి తీర్పు ఆధారం. పోలీసు ఫిర్యాదును ఎలక్ట్రానిక్‌గా పంపి మూడురోజుల్లోపు సంతకం పెట్టే వీలు 2024లో కొత్త చట్టంతో వచ్చింది. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్ఆర్ఐ విభాగం ఉంది, తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం కూడా 2019లో ఒకటి పెట్టింది. ఊళ్ళోంచి ఆమెకు మొదట పనికొచ్చింది మాత్రం 181 నంబరు. ఎత్తిన అమ్మాయి తెలుగులో మాట్లాడిందని, తొందరపెట్టలేదని చెప్పింది.

ఇప్పుడు మా దగ్గర ఉన్న సాఫ్ట్‌వేరు

ఈ కథయ్యాక మిత్రులు ఒక యాప్ చేద్దామన్నారు. నాకూ చేతులు దురదపెట్టాయి. టీచరుగారు ఒప్పుకోలేదు. "యాప్ ఉన్న ఫోను ఎవరి చేతిలో ఉంటుంది బాబూ?" అన్నారు.

కాబట్టి మా వ్యవస్థ ఇలా ఉంటుంది. నా దగ్గర ఒక పట్టిక ఉంది. అందులో ఎవరికి కారుంది, ఎవరింట్లో ఒక రాత్రికి గది ఉంది, ఎవరు పిల్లలను బడినుంచి తీసుకురాగలరు, ఎవరికి అరబిక్ వచ్చు అనేవి మాత్రమే ఉంటాయి. బాధితుల పేరు ఒక్కటీ ఉండదు. టీచరుగారి దగ్గర ఇంకో పట్టిక ఉంది, అది ఆవిడ తలలో ఉంది. ఈ రెంటికీ మధ్య ఫారిన్ కీ లేదు. జాయిన్ చెయ్యగలిగేది ఆవిడ ఒక్కరే. "శనివారం రాత్రికి గది కావాలి" అని ఆవిడ అడుగుతారు, నేను చూసి చెబుతాను. గది ఇచ్చినవాళ్ళకు కూడా ఎవరొస్తారో వచ్చాకే తెలుస్తుంది.

లోపాలు లేవని కాదు. ఆవిడకు డెబ్బై దగ్గరపడుతోంది, మా వ్యవస్థకు బ్యాకప్ లేదు. ఇంకొకావిడ నేర్చుకుంటున్నారు. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని ఒకరోజు నేను వివరించబోతే, "నేను పోతాననేగా, తెలుగులో చెప్పు" అని నవ్వారు. ఈ ఏర్పాటు ఎంతమందికి అందుతుందంటే కొద్దిమందికే. సోహార్, సలాలా వైపు మాకు మనుషులు తక్కువ. సలాలా అంటే ఇక్కడినుంచి వెయ్యి కిలోమీటర్లు. అక్కడ ఎవరైనా ఫోను చేస్తే మాట సాయం తప్ప ఏం చెయ్యగలం?

ఆ పాప ఇప్పుడు ఊళ్ళో ఆరో తరగతి. తెలుగులో తక్కువ మార్కులొస్తున్నాయట, లెక్కల్లో బాగానే ఉందట. ఇది కూడా మా ఆవిడ చెబితేనే తెలిసింది. ఆయన ఇక్కడే ఉన్నారు, అప్పుడప్పుడూ సూపర్‌మార్కెట్టులో ఎదురవుతారు. నమస్కారం పెడతారు. ఒక్కోసారి నేనూ పెడతాను, ఆ తరవాత ఇంటికొచ్చేదాకా చిరాగ్గా ఉంటుంది.

పోయిన నెల టీచరుగారు ఫోను చేసి, శుక్రవారం పొద్దున్న ఐదింటికి రూవీలో కారు కావాలన్నారు. వెనక పిల్లల సీటు ఉన్నదైతే మంచిదన్నారు. పట్టిక చూసి ఒక నంబరు చెప్పాను. ఎవరికి, ఎక్కడికి అని అడగలేదు.